గోదావరి గుమ్మాల రంగుల కథ

చరిత్ర అనగానే మనకు శాసనాలు, తాళపత్రాలు, కోటలు, గుళ్ళు గుర్తొస్తాయి. మనం బడిలో చదువుకున్నదీ అదే, తర్వాత నేను పిల్లలకు చెప్పిందీ అదే. ఇంటి గుమ్మం ఆ పాఠాల్లో ఎక్కడా లేదు. అయినా మన ఊళ్ళలో మామూలు మనుషుల అభిరుచి ఎలా మారుతూ వచ్చిందో తెలుసుకోవాలంటే, తలుపు మీది రంగుల పొరలను మించిన ఆధారం నాకు దొరకలేదు. గోడకు పండగ పండగకీ సున్నం వేస్తారు, పాత సున్నం పెచ్చులూడిపోతుంది. పెంకులు మారతాయి, నేల మారుతుంది. ద్వారబంధం మాత్రం ఇల్లున్నంత కాలం ఉంటుంది. ఇల్లు పడగొట్టినా అది ఇంకో ఇంటికి గుమ్మం అవుతుంది. దాని మీద తాత ఒక రంగు వేయించాడు, తండ్రి ఒకటి వేయించాడు, కొడుకు మరొకటి వేయించాడు. ఒకదాని మీద ఒకటిగా అవన్నీ అక్కడే ఉన్నాయి.

ఉద్యోగ విరమణ తర్వాత నేను డెల్టా గ్రామాల్లో పాత ఇళ్ళ తలుపులు చూస్తూ తిరిగాను. ఇంటివారు సరేనంటే మడతబందు పక్కన, ఎవరి కంటా పడని చోట, గోరంత మేర బ్లేడుతో పొరలు విడదీసి చూసి నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఈ వ్యాసం ఆ పుస్తకంలోంచి తీసిందే. చివర్లో మన బడి పాత బ్లాకు తలుపుల గురించి ఒక మనవి ఉంది. నిజం చెప్పాలంటే ఆ మనవి కోసమే ఇదంతా రాస్తున్నాను.

మొదటి రంగు పసుపే

మన ఇళ్ళలో గుమ్మం నిలబెట్టడం ఒక శుభకార్యం. ముహూర్తం చూసి, గడప కింద నవధాన్యాలూ, ఒక నాణెమో బంగారు పిసరో పెట్టి, కమ్ములకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడి తోరణం కడతారు. అంటే పెయింటు డబ్బా రాకముందే మన తలుపుకు రంగు ఉంది. అది పసుపూ ఎరుపూ. కాని అది నిలిచే రంగు కాదు. వానకు, కాళ్ళ తాకిడికి పోతుంది. అందుకే శుక్రవారమో పండగ పూటో ఇంటి ఆడవాళ్ళు మళ్ళీ గడప కడిగి పూస్తారు. పోవడమూ, మళ్ళీ పూయడమూ ఆ అలంకారంలో భాగమే.

ఇక కర్ర సంగతి. చెదపురుగు పట్టకుండా జీడినూనె రాసేవారు. ఏళ్ళ తరబడి రాయగా తలుపు నల్లగా నిగనిగలాడేది. కలిగిన వారి సింహద్వారాల మీద పద్మాలు, చిలకలు, పూర్ణకుంభాలు, పై కమ్మి మీద గజలక్ష్మి చెక్కించేవారు. నేను చూసిన కొన్ని తలుపుల్లో ఆ చెక్కుడు పని సందుల్లో జేగురు రంగు అంటుకుని ఉంది. పైనున్న నాలుగైదు పొరలు పోయినా ఆ ఎరుపు సందుల్లోంచి కదల్లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోకపోతే చరిత్ర సగమే అవుతుంది. ఇదంతా చెక్క తలుపు ఉన్నవాళ్ళ సంగతి. ఊళ్ళో చాలా ఇళ్ళకు తలుపంటే తాటాకు తడికే. తడికకు రంగు లేదు, గొళ్ళెం లేదు, పొరలూ లేవు. నా నోటు పుస్తకంలో ఆ ఇళ్ళకు మొదటి పేజీలు ఖాళీ.

రంగం టేకు

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ 1852లోనే, రెండో బర్మా యుద్ధం ముగింపులో, దిగువ బర్మా బ్రిటిష్ వారి చేతికి వచ్చింది. ఈ రెండు సంగతులనూ మనం వేర్వేరు పాఠాల్లో చదువుకున్నాం. మన గుమ్మాల దగ్గర మాత్రం ఈ రెండూ కలుసుకున్నాయి. కాలువ నీళ్ళతో ఇక్కడ వరి పండి చేతిలో డబ్బు ఆడింది. అక్కడి అడవుల్లో టేకు దుంగలు ఓడలెక్కాయి. కాకినాడ రేవు ఈ రాకపోకలకు నడుమ నిలిచింది.

రంగూన్‌ను మనవాళ్ళు రంగం అన్నారు. కూలికీ నాలికీ రంగం వెళ్ళిన కుటుంబాలు ఈ జిల్లాల్లో కోకొల్లలు. మన కోరంగి రేవు పేరు మీదే బర్మావాళ్ళు మనవారిని కోరంగీలు అని పిలిచేవారంటారు. మనుషులు అటు వెళ్ళారు, కర్ర ఇటు వచ్చింది. మండువా లోగిళ్ళలో నిలువెత్తు రెండు రెక్కల తలుపులు చూసి ‘ఇది రంగం టేకండీ’ అని ఇంటివారు ఈనాటికీ గర్వంగా చెబుతారు. ఆ దుంగల వెనక మన కూలీల చెమట కూడా ఉందన్న మాట మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ కాలంలోనే నూనె రంగులు తలుపెక్కాయి. దొరల బంగళాలకు, కచేరీలకు ఆకుపచ్చ కిటికీ రెక్కలుండేవి. వాటిని చూసి జమీందార్లు, ప్లీడర్లు తమ తలుపులకూ ఆకుపచ్చ వేయించారు. అది చౌకగా దొరికే రంగు కూడా. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో కనిపెట్టిన ప్రష్యన్ నీలాన్నీ, 19వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చిన క్రోమ్ పసుపునూ కలిపితే చక్కని ఆకుపచ్చ తయారయ్యేది. ఈ క్రోమ్ పసుపులో ఉన్నది సీసం. ఆ సంగతి మళ్ళీ చెప్పుకుందాం.

నీలానిదీ ఇలాంటి కథే. మేలైన నీలం అంటే ఒకప్పుడు ఆఫ్ఘన్ కొండల్లో దొరికే రాయిని నూరి తీసిందే, బంగారంతో తూగే ఖరీదు. దాన్ని కార్ఖానాలో చేసే పద్ధతి కనిపెట్టినందుకు 1828లో ఫ్రాన్స్‌లో గిమే అనే ఆయనకు బహుమానం ఇచ్చారు. ఆ తర్వాత రాజుల బొమ్మల్లో ఉండే నీలం మన ఇళ్ళలో బట్టలకు పెట్టే నీలిమందు అయింది. సున్నంలో కలిపితే గోడకు, నూనెలో కలిపితే తలుపుకు.

రంగం దారి మూసుకుపోవడం కూడా తలుపుల మీద కనిపిస్తుంది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1937లో బర్మాను ఇండియా నుంచి విడదీశారు. 1942లో జపాన్ సేనలు రాగానే మనవాళ్ళు వేల మంది కాలినడకన కొండలు దాటి తిరిగొచ్చారు, ఎందరో దారిలోనే పోయారు. టేకు రాక ఆగింది. ఆ తర్వాతి ఇరవై ఏళ్ళలో కట్టిన ఇళ్ళలో నేను ఎక్కువగా చూసింది వేప, మద్ది, పనస. కమ్మి ఒక కర్ర, రెక్క ఇంకో కర్ర. అతుకులూ కణుపులూ కప్పాలంటే దట్టంగా రంగు వేయక తప్పదు. అంతకు ముందు రంగు హోదా, ఆ తర్వాత అవసరం.

డబ్బా రంగుల వైభవం

కర్ర కరువైన ఆ 1942లోనే బొంబాయిలో నలుగురు మిత్రులు కలిసి ఏషియన్ పెయింట్స్ మొదలుపెట్టారు. అంతకు ముందే, 1902 నుంచి, కలకత్తా పక్కన హౌరాలో షాలిమార్ రంగుల కార్ఖానా ఉంది. కాని పల్లెటూరి కొట్టుకు చిన్న చిన్న డబ్బాల్లో రంగు చేరింది ఈ కొత్త వ్యాపారంతోనే. చేతిలో బ్రష్షు, రంగు కారుతున్న డబ్బాతో నుదుటి మీద జుట్టు పడే అల్లరి పిల్లవాడు గట్టు మీకు గుర్తుండే ఉంటాడు. ఆ బొమ్మ 1954లో ఆర్.కె. లక్ష్మణ్ గారు గీసింది.

ఎనామిల్ రంగు మన తలుపును పూర్తిగా మార్చేసింది. మెరుస్తుంది, తుడిస్తే పోతుంది, నాలుగేళ్ళు నిలుస్తుంది. ఎడ్లబళ్ళకూ, లారీలకూ, కొట్ల బోర్డులకూ రంగులేసే పెయింటర్లే పెళ్ళిళ్ళ ముందు ఇళ్ళకు వచ్చేవారు. ఆకుపచ్చ రెక్క మీద పసుపు గీత, మధ్య గళ్ళలో తామరపువ్వు, జంట హంసలు, జింక, ద్రాక్షగుత్తి. పైన ‘సుస్వాగతం’, దాని పక్కన కట్టిన సంవత్సరం. మా పొరుగూళ్ళో ఒక తలుపు మీద రెండు చిలకలున్నాయి. చెక్కిన చిలకలు కావు. వాటి కిందే, మూడు పొరల లోపల, పాత వడ్రంగి చెక్కిన చిలకలు లప్పంతో పూడ్చి ఉన్నాయి. పెయింటరు వాటినే పైన మళ్ళీ గీశాడు. ఇంటివారికి ఆ సంగతి నేను చూపించేదాకా తెలియదు.

గడపకు కూడా ఈ కాలంలోనే ఎనామిల్ పసుపు వచ్చింది. దాని మీద ఎరుపు చుక్కలు, తెల్ల ముగ్గు, అన్నీ పెయింటే. రోజూ పూసే పసుపును ఒకేసారి శాశ్వతంగా పూసేశారన్నమాట. దీన్ని చూసి నవ్వేవాళ్ళున్నారు. తెల్లవారుజామున లేచి వంగి గడప కడిగిన వాళ్ళు నవ్వరు. పైగా నేను చూసిన చాలా ఇళ్ళలో పండగ నాడు ఆ పెయింటు పసుపు మీదే మళ్ళీ అసలు పసుపూ కుంకుమా పెడుతున్నారు. కొత్తది వచ్చినా పాతది పోలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు ఇంకొకటి. తడికలున్న పేటల్లో పక్కా ఇళ్ళ కాలనీలు వచ్చాక చాలా కుటుంబాలకు మొట్టమొదటి చెక్క తలుపు వచ్చింది. దానికి వాళ్ళు వేసుకున్నది ముదురు నీలం, గులాబీ, చిలకాకుపచ్చ. ఒక ముసలమ్మ గారు నాతో అన్న మాట రాసుకున్నాను: ‘బాబూ, రంగు మేమే ఎంచుకున్నాం. గవర్నమెంటోళ్ళు ఇచ్చింది తలుపు, రంగు మాది.’ ఎనామిల్ కాలాన్ని నాటు రంగుల కాలమని తీసిపారేసే వాళ్ళు ఈ తలుపుల ముందు ఒకసారి నిలబడాలి. మన ఊళ్ళలో రంగు అందరిదీ అయింది అప్పుడే.

చారల పెయింటు

1970ల నాటికి చదువుకున్న ఇళ్ళలో గాలి మారింది. హంసలూ జింకలూ పల్లెటూరి తనంగా కనిపించాయి. తలుపు తలుపులా ఉండాలి అన్నారు, అంటే గోధుమ రంగులో. లేత గోధుమ రంగు వేసి, అది ఆరాక పైన ముదురు రంగు పూసి, ఆ పై పూత ఆరకముందే దువ్వెనలాంటి పనిముట్టుతో లాగితే కర్ర చారలు తేలేవి. వేప తలుపు టేకు తలుపయ్యేది. అసలు టేకు తలుపు మీద ఆకుపచ్చ వేసి, దాని మీద టేకులాగా చారలు గీసిన తలుపును నేను రెండు చోట్ల చూశాను.

ఈ సరదా మనది ఒక్కరిదే కాదు. అమెరికా మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ తన మౌంట్ వెర్నాన్ ఇంటి నడవలోని చెక్కపనికి 1797లో మహాగనీ చారలు గీయించాడు. తర్వాతివాళ్ళు వాటి మీద వేరే రంగులు వేశారు. పొరలు పరీక్షించాకే ఆ చారల సంగతి మళ్ళీ తెలిసింది.

ఆ వెంటనే ఫ్లష్ డోర్లు, వాటి మీద సన్‌మైకా వచ్చాయి. రంగే అక్కర్లేదు. పువ్వులు గీసే పెయింటరుకు పని పోయింది. వాళ్ళలో చాలామంది గోడ ప్రకటనల వైపు వెళ్ళారు, ఫ్లెక్సీలు వచ్చాక అదీ పోయింది.

గీకుడు కాలం

ఇప్పుడు మనం ఉన్నది ఐదో కాలంలో. దీని మూలం అభిరుచిలోనే కాదు, అడవిలో కూడా ఉంది. ఆమోదం పొందిన ప్రణాళిక లేకుండా అడవుల్లో చెట్లు నరకరాదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2014 ఏప్రిల్ నుంచి మయన్మార్ దుంగల ఎగుమతిని నిలిపేసింది. పాత రంగం టేకు తలుపుకు ఒక్కసారిగా ధర పలికింది. లోగిలి పడగొట్టగానే గుమ్మం కొనడానికి మనుషులు వస్తున్నారు. కారైక్కుడి పాతసామాను వీధుల్లోనూ, కొచ్చి యూదుల పేటలోనూ ఇలాంటి తలుపులు వరసగా నిలబెట్టి ఉంటాయి. అక్కడి నుంచి అవి రిసార్టులకూ, హోటళ్ళకూ, బల్లలుగా మారి నగరాల ఇళ్ళకూ వెళ్తాయి.

వెళ్ళే ముందు వాటిని గీకుతారు. కాస్టిక్ సోడాతో కడిగి, గరుకు కాగితంతో, మిషనుతో రుద్ది, కర్ర తేలేదాకా తీసి పాలిష్ పెడతారు. అలా చేస్తే ‘ఒరిజినల్’ అట. నా అభ్యంతరం ఇక్కడే. ఆ తలుపు ఎప్పుడూ అలా లేదు. పుట్టిన రోజే దానికి పసుపు పూశారు. ఆ తర్వాత నూనె, జేగురు, ఆకుపచ్చ, నీలం. ఒట్టి కర్ర రంగు మన కాలపు అభిరుచి. అది తప్పని నేననడం లేదు. కాని దాన్ని పాతకాలపు నిజమని అనుకోవడం సరికాదు.

పెద్ద పెద్ద చోట్ల కూడా ఇది జరిగింది. గ్రీకుల పాలరాతి శిల్పాలకు ఒకప్పుడు రంగులుండేవి. అవి తెల్లగానే ఉండాలన్న నమ్మకంతో 1937-38లో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పార్థినాన్ శిల్పాలను రాగి పనిముట్లతో గీకించారు. పైపొర పోయింది, మళ్ళీ రాలేదు. ఇంగ్లండ్ చర్చిలను ‘అసలు రూపానికి’ తెస్తామని గోడలు గీకేస్తుంటే చూడలేక 1877లో విలియం మోరిస్ ఒక సంఘం పెట్టాడు. పాత కట్టడాల రక్షణ సంఘం అది. దానికి ముద్దుపేరు యాంటీ స్క్రేప్, మన మాటల్లో గీకుడు వద్దనే సంఘం.

ఇంతకు ముందు తరాలు కూడా తమ ముందువారి అభిరుచిని మెచ్చలేదు. పూడ్చారు, కప్పారు. కాని కప్పినది కింద ఉండిపోయింది. చిలకల మీద లప్పం పెట్టిన పెయింటరు తెలియకుండానే ఆ చిలకలను కాపాడాడు. మన తరం ఒక్కటే కప్పకుండా చెరుపుతోంది. కప్పిన పొరను రేపెవరైనా తెరిచి చూడొచ్చు. గీకిన పొర ఊడ్చిన దుమ్ములో పోతుంది.

ఆ దుమ్ము సంగతి కూడా చెప్పాలి. పాత పసుపు, ఆకుపచ్చ, సింధూరపు ఎరుపు, అడుగున వేసే తెల్ల పూత, వీటన్నిటిలో సీసం ఉండేది. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని మన దేశంలో నియమం చేసింది 2016లో, అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంటే మన పాత తలుపుల మీది పొరల్లో చాలా వాటికి ఆ హద్దు లేదు. అవి గట్టిగా ఉన్నంత కాలం పెద్ద భయం లేదు. పొడిగా రుద్ది దుమ్ము లేపితే మాత్రం, రుద్దే పనివాడికీ, ఆ గదిలో మెసిలే పిల్లలకీ హాని. పిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుందని వైద్యులు చెబుతారు. అందుకని పాత పొరలను కదపకుండా ఉంచడం చరిత్రకూ మంచిదే, ఆరోగ్యానికీ మంచిదే.

మన బడి తలుపులు

ఇక మనవి. స్వర్ణోత్సవం సందర్భంగా పాత బ్లాకు తలుపులన్నీ గీకించి టేకు పాలిష్ పెట్టించాలని సంఘంలో ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన చేసిన మిత్రుల ఉద్దేశం మంచిదే, ఖర్చు కూడా వాళ్ళే భరిస్తామన్నారు. కాని కిందటి సమావేశంలో జరిగిన వాదన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పదో తరగతి గది తలుపు ఆకుపచ్చ అని పెద్ద బ్యాచిలవాళ్ళు, కాదు నీలమని తర్వాతివాళ్ళు, గోధుమ రంగని ఇంకా తర్వాతివాళ్ళు. పందెం కాయడం దాకా వెళ్ళింది. నేను మర్నాడు వెళ్ళి మడతబందు పక్కన చూశాను. అందరూ గెలిచారు. అడుగున జేగురు కూడా ఉంది, అది చూసినవాళ్ళెవరూ మన సమావేశంలో లేరు.

ఇంకో సంగతి. ఆ తలుపుల వెనక వైపు, పిల్లవాడి భుజం ఎత్తులో, కంపాసు ముల్లుతో చెక్కిన పేర్లున్నాయి. రంగు కింద అవి గరుకుగా చేతికి తగులుతాయి. ఏటవాలు వెలుతురులో కొన్ని చదవొచ్చు. అందులో కొందరు ఇప్పుడు లేరు. మిషను పెడితే ఆ పేర్లు ముందుగా పోతాయి.

కాబట్టి నా విన్నపం ఇది. పాత బ్లాకులో ఏ తలుపునూ పొడిగా రుద్దించవద్దు. పెచ్చులూడిన చోట తడి గుడ్డతో తుడిచి, వదులైన రంగు మటుకు తడిపి తీసి, పైన సీసం లేని రంగు వేద్దాం. ఆ పని సెలవుల్లో, పిల్లలు లేనప్పుడు చేయిద్దాం. ఏ రంగన్నది ఇప్పుడు చదువుతున్న పిల్లలనే అడుగుదాం, ఈ తరం పొర వాళ్ళది కావాలి. పదో తరగతి గది తలుపు మీద మాత్రం, కంటికి ఆనే ఎత్తులో, అరచేతి వెడల్పు పట్టీ వదిలేద్దాం. అందులో పొరలను మెట్లు మెట్లుగా తెరిచి, ఒక్కో రంగు పక్కన అది ఏ బ్యాచిల కాలమో రాద్దాం. తెరిచే ముందు మంచి వెలుతురులో ఫోటోలు తీసి బడి రికార్డులో పెడదాం. ఆ పని ఎలా చేయాలో నేను దగ్గరుండి చూపిస్తాను.

మీ ఇంట్లో గాని, మీ అమ్మమ్మగారి ఊళ్ళో గాని పాత గుమ్మం ఉంటే, అమ్మే ముందో గీకించే ముందో ఒక్క ఫోటో తీసి, ఏ సంవత్సరంలో ఏ రంగు ఉండేదో పెద్దవాళ్ళను అడిగి రాసి సంఘానికి పంపండి. అమ్మవద్దని అడిగే హక్కు నాకు లేదు. ఇల్లు నిలబెట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. రంగుల పేర్లు చెప్పగలిగిన ముసలివాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు, వాళ్ళను ఈ ఏడాదే అడగండి.